యానాంలో మావగారి బీరు

నా కాపురం నిలబడింది ఒక బీరు సీసా పుణ్యమేనని చెబితే మా ఆవిడ ఒప్పుకోదు. సగం సీసా అంటుంది. మిగతా సగం యానాంలో ఒక హోటలు పైకప్పుకు చేరిందని ఆవిడ వాదన. సరే, సగమే అనుకుందాం. ఆ సగానికి, దాన్ని చట్టప్రకారం తాగనిచ్చిన యానానికి, ఆ రెంటినీ నా ముందు పెట్టిన మా మావగారికి ఇవాళ్టికీ చేతులెత్తి దండం పెడుతుంటాను.

తొంభైల నడుమ మాట. రాష్ట్రంలో మద్యనిషేధం నడుస్తోంది. సారా దెబ్బకు ఇళ్ళు గుల్లయిన ఆడవాళ్ళు కొంగు బిగించి సాధించుకున్న నిషేధం అది. వాళ్ళను తప్పుపట్టే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కాకపోతే మా గోదావరి జిల్లాలకు దేవుడు ఒక చిన్న కిటికీ తెరిచి ఉంచాడు. అదే యానాం. చుట్టూ మా జిల్లాయే, మధ్యలో ఆ ఊరు మాత్రం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళది, తర్వాత పాండిచ్చేరిది. అక్కడ కురిసే వాన మా వానే, కుట్టే దోమ మా దోమే, తిట్టే తిట్టు మా తిట్టే. చట్టం ఒక్కటే వేరు. రోడ్డు మీద ఎక్కడో కంటికి కనబడని గీత ఒకటి ఉండేది. దానికి ఇవతల బీరు నేరం, అవతల బీరు వ్యాపారం.

ఆ రోజుల్లో యానాంలో చుట్టాలు లేని మనిషి మా జిల్లాలో లేడు. అంతవరకూ ఏ పెళ్ళికీ పిలవని మేనత్త తోడికోడలి మరిదిని కూడా వెతికి పట్టుకుని, ఆయన మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో కనుక్కోవడానికి బస్సులెక్కి మరీ వెళ్ళేవారు. ఆ బస్సులు వెళ్ళేటప్పుడు మౌనవ్రతం పట్టినట్టుండేవి, తిరిగొచ్చేటప్పుడు భజన బృందాల్లా ఉండేవి. సీసాలో తెచ్చుకుంటే సరిహద్దు దగ్గర పట్టుకుంటారు గానీ, కడుపులో తెచ్చుకుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

నిజానికి మాకు బీరు కార్ఖానాలతో పనే లేదు. మా వైపు ప్రతి తాడిచెట్టూ నిలువెత్తు కార్ఖానాయే. పొద్దున్నే దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కితే పులుస్తుంది, మధ్యాహ్నానికి బావమరిది పేర పొలం రాయించేటంత ఘాటెక్కుతుంది. ఒక లంక కల్లుకూ పక్క లంక కల్లుకూ రుచి వేరనీ, కళ్ళకు గంతలు కట్టినా ఏ చెట్టుదో చెప్పగలమనీ పందాలు కాసే మహానుభావులుండేవారు. ఇప్పుడు పెద్ద నగరాల్లో అద్దాల గోడల వెనక మెరిసే పీపాలు నిలబెట్టి, ఎక్కడికక్కడ కాచిన బీరు అని గొప్పగా పోస్తున్నారు. సంతోషం. మా వాళ్ళు ఆ పని తాతల నాడే చెట్టు మీద చేసి చూపించారు, కరెంటు బిల్లు లేకుండా. అయితే కల్లుతో ఒకటే చిక్కు. కొత్తల్లుణ్ణి తాడితోపులో కూర్చోబెట్టి చేతికి ముంత ఇస్తే దాన్ని మర్యాద అనరు. బీరుకైతే సీసా ఉంది, రేకు మూత ఉంది, మెడ చుట్టూ బంగారు కాగితం ఉంది. పెళ్ళికొడుకులా ఉంటుంది. అల్లుడి ముందు పెట్టదగ్గ వస్తువు.

ఆ అల్లుణ్ణి నేను. మాఘమాసంలో పెళ్ళయింది. రాజమండ్రిలో ఎరువుల డిపోలో గుమాస్తా ఉద్యోగం, రెండు గదుల అద్దె వాటా. ఒక గదిలో చాప పరిస్తే తలుపు పడదు, తలుపేస్తే చాప పరచడానికి ఉండదు. అయినా అందులో మేమిద్దరం చక్రవర్తుల్లా ఉన్నాం. ఇంతలో ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింట్లో ఉండాలి, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మా అత్తగారి గడప ముమ్మిడివరం అవతల కొబ్బరితోటల మధ్య ఉంది. ఆవిడ లెక్కలో ఆ గడప వెడల్పు మూడు పంచాయతీలు. నేను అమలాపురం బస్టాండులో దిగి సోడా తాగినా గడప తొక్కినట్టే.

అది భరించవచ్చు. భరించలేనిది వేరే ఉంది. మా ఆవిడ వాళ్ళకు ఒక్కతే కూతురు. శ్రావణం రాగానే అమ్మాయిని రాజమండ్రి పంపే బదులు అల్లుణ్ణే ఇక్కడికి తెచ్చేసుకుందామని మా అత్తగారు తీర్మానించారు. అంటే ఇల్లరికం. తోట ఉంది, ఇల్లుంది, ఎరువుల బస్తాలు లెక్కపెట్టుకునే ఖర్మ అల్లుడుగారికేమిటి అని ఆవిడ ప్రేమ. ప్రేమే, కాదనను. కానీ నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. పుట్టింటికి వెళ్ళే ముందు మా ఆవిడ ఒకటే మాట అంది.

"మా నాన్నకీ అదే ఇష్టమని అమ్మ చెప్తోంది. మీరు కాదంటే నేనూ కాదంటాను. కానీ మొదట అనాల్సింది మీరు."

మావగారికి ఇష్టమైన సంగతిని ఆయన మొహం మీద కాదనడమెలా? పైగా ఆయన మొహంలో ఏముందో ఎవరికీ తెలియదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నాతో అన్న మాట "కూర్చోండి" ఒక్కటే. నేను కూర్చున్నాక కూడా అదే అనేవారు. చట్టమంటే ఎంత గౌరవమంటే, కాలినడకన వెళ్తున్నా మలుపు దగ్గర చెయ్యి చూపించి మరీ తిరిగేవారు. అలాంటి మనిషి ఒకరోజు మా డిపోకు ఫోన్ చేశారు.

"ఆదివారం యానాం రాగలరా అండి? గడప బెడద లేదు, అది మన రాష్ట్రమే కాదు. మాట్లాడుకోవచ్చు. అక్కడైతే... అన్నీ దొరుకుతాయి కూడానూ."

ఆ "అన్నీ" అన్న చోట ఆయన గొంతు తగ్గింది. నాకు విషయం అర్థమైపోయింది. పాపం, మావగారికి బీరంటే ప్రాణం, నిషేధంలో అల్లాడిపోతున్నారు, అల్లుడి వంకన వస్తున్నారు. నేను జన్మలో బీరు ముట్టినవాణ్ణి కాదు. అయినా పెద్దాయన సరదా కాదనకూడదని గుండె రాయి చేసుకున్నాను.

ఆదివారం నేను రామచంద్రపురం మీదుగా బస్సులో చేరాను. ఆయన ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి వచ్చారు. వరదనీరు కొత్తగా తగిలి నది ఎర్రగా, ఇటుకల బట్టీ కరిగించి పోసినట్టుంది. ఆ పంటు మీద సైకిళ్ళు, మేకలు, ఒక పెళ్ళి బ్యాండు మేళం, వాళ్ళందరి మధ్యన తెల్ల పంచెలో మావగారు, ఆయన చేతిలో ఆయన నడుమెత్తు క్యారియర్. ఆషాఢమైనా మర్యాద ఆగకూడదని అత్తగారు పంపించారట. రొయ్యల వేపుడు, గారెలు, చేగోడీలు, అన్నిటికన్నా పైన ఆత్రేయపురం పూతరేకులు. ఇద్దరు మనుషులకు, ఒక చిన్న సైన్యానికి సరిపోతాయి.

హోటల్లో ఒక మీసాలాయన బల్ల తుడిచి ఏం కావాలని అడిగాడు. మావగారు అటూ ఇటూ చూసి, ఇది చట్టప్రకారమేనా అని వాకబు చేశారు. ఇక్కడ తాగకపోతేనే జనం అనుమానంగా చూస్తారని మీసాలాయన భరోసా ఇచ్చి, చల్లటిదా మామూలుదా అన్నాడు. వానాకాలం కదా, అల్లుడుగారికి పడిశం పడుతుందని మావగారు మామూలుదే తెమ్మన్నారు.

వెచ్చటి బీరు మొదటి గుక్క నోట్లో పడగానే నాకు పూర్వీకులందరూ వరసగా కనబడ్డారు. వేపచెట్టును వేళ్ళతో సహా పీకి కాచిన కషాయం అది. ఎదురుగా మావగారి మొహం చూశాను. కళ్ళల్లో నీళ్ళు. ఆనందబాష్పాలు అనుకున్నాను. "బ్రహ్మాండంగా ఉందండి," అన్నాను. "ఆయ్, బ్రహ్మాండమండి," అన్నారాయన. నేను మర్యాద కోసం గ్లాసు ఖాళీ చేస్తే ఆయన మర్యాద కోసం నింపేవారు. ఆయన ఖాళీ చేస్తే నేను నింపేవాణ్ణి. గోదావరి జిల్లాలో ఈ పోటీ మొదలైతే ఇద్దరిలో ఒకరు కూలబడేదాకా ఆగదు. సీసా సగానికి దిగింది.

అప్పుడు మావగారు పంచదార ఉందా అని మీసాలాయన్ని అడిగారు. వంటింట్లో లేదన్నాడు. మావగారు కాసేపు ఆలోచించి, ఒక పూతరేకు తీసి, చీర మడత విప్పినంత నాజూకుగా పొరలు విప్పి, లోపలి పంచదార పొడి మొత్తం సీసా మూతిలోకి వంపారు. ఇద్దరికీ సమానంగా తీపి అందాలని ఆయన ఉద్దేశం.

తర్వాత జరిగింది ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. సీసా ఒకసారి గురక పెట్టింది. ఆ వెంటనే ధవళేశ్వరం ఆనకట్ట గేట్లన్నీ ఒక్కసారి ఎత్తినట్టు నురగ లేచింది. పైకప్పుకు కొట్టి, ఫ్యాను రెక్కలకు తగిలి, హోటలు మొత్తానికి సమానంగా పంచబడింది. మూలన కూర్చున్న నలుగురు గొడుగులు తెరిచారు. మావగారి మీసం మీద నురగ, కళ్ళద్దాల మీద నురగ, నెత్తిన పూతరేకు ముక్క, దాని మీద నెయ్యి. మీసాలాయన తువ్వాలు తెచ్చి, ఇంతవరకూ బీరులో పంచదార వేసినవాణ్ణి చూడలేదని నిదానంగా చెప్పి వెళ్ళాడు.

తర్వాత మావగారు అద్దాలు తుడుచుకుంటూ అడిగారు.

"అల్లుడుగారూ, మీకు ఇది అలవాటేనా అండి?"

"లేదండి. మీకు ఇష్టమని..."

"నాకా! టౌనులో ఉండేవారు, మీకు అలవాటుంటుందని నేను. మీ అత్తయ్యగారు కూడా అదే అన్నారు."

ఆయన నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. భుజాలు ఊగిపోయేలా, బల్ల కదిలేలా నవ్వారు. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆపి, మిగిలిన చుక్కల వంక చూస్తూ అన్నారు.

"అయితే ఇంకోటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఆ ఇల్లరికం సంగతి. అదైనా మీకు ఇష్టమేనా, లేకపోతే అదీ ఈ బీరులాంటిదేనా?"

ఎదురుగా ఉన్న మనిషి నా కాపురాన్ని ఒక్క మాటతో ఎటైనా తిప్పగలరు. అయినా నురగలో తడిసి ముద్దయిన మనిషి ఇంకొక నురగ మనిషితో అబద్ధమాడడం చాలా కష్టం.

"బీరులాంటిదేనండి," అన్నాను.

ఆయన తలూపారు. కోపం లేదు. ఆ తోట, ఆ ఇల్లు మా అత్తగారి నాన్నగారివని, మావగారే ఆ ఇంటికి ఇల్లరికం వచ్చారని నాకు అప్పుడు తెలిసింది.

"మీ అత్తయ్యగారు బంగారంలాంటి మనిషండి. ఆ ఇంట్లో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ ఇవాళ్టికీ చెట్టు నించి ఓ బొండం దింపించాలంటే ఎవర్నైనా అడగాలేమో అనిపిస్తుంది. దాహమేస్తే మంచినీళ్ళే తాగుతాను."

ఇంత మాట ఇంట్లోనే చెప్పి ఉండవచ్చు కదా అన్నాను.

"ఎవరింట్లోనండి?" అన్నారు మావగారు.

గారె ఒకటి ఆయన పళ్ళెంలో వేశాను. అత్తగారికి కబురు నేనే పంపిస్తానని చెప్పబోతే ఆయన వద్దన్నారు. అల్లుడు కాదంటే ఆడపిల్ల మీద మాట పడుతుంది, మొగుడు కాదంటే మొగుడి మీదే పడుతుంది, అది తమ ఇంట్లో ఇంతవరకూ జరగలేదు గనక కొత్తగా ఉంటుందన్నారు. సాయంత్రం పంటు ఎక్కి, మేకల మధ్య నిటారుగా నిలబడి వెళ్ళారు. రేవులో నేను అవతలి ఒడ్డు వంక చూస్తూ, మా ఆవిడ నాకు తిరిగి దక్కేనా అనుకుంటూ నిలబడ్డాను.

అక్కడేం జరిగిందో మా ఆవిడ తర్వాత చెప్పింది. ఆయన వాకిట్లోనే నిలబడి, చెప్పులైనా విప్పకుండా, అమ్మాయి శ్రావణంలో రాజమండ్రి వెళ్తుందని ప్రకటించారట. అత్తగారు దగ్గరకొచ్చి వాసన చూసి, ఏంటండీ ఇది అన్నారట. చట్టప్రకారమే తాగానన్నారట మావగారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారట. రాత్రి పడకలు వేసే వేళకు అత్తగారు, "అయితే ఇత్తడి సామాను కూడా పంపాలి గదా, ఆ రెండు గదుల్లో పడతాయో లేదో," అన్నారట. పడలేదు. శ్రావణంలో వ్యాను వచ్చినప్పుడు గంగాళాలన్నీ ఇంటివాళ్ళ మెట్ల మీద కాపురం పెట్టాయి. మా ఆవిడ మాత్రం లోపలే పట్టింది.

కొన్నాళ్ళకు నిషేధం ఎత్తేశారు. రాజమండ్రిలో బ్రాందీ షాపుల బోర్డులు మళ్ళీ వెలిగాయి. యానాం మేనత్తల తోడికోడళ్ళ మరుదులు దిక్కులేనివారయ్యారు. ఆ వేసవిలో మావగారు మమ్మల్ని చూడ్డానికి వచ్చారు, రెండు రోజులుండి పోదామని. నేను షాపు నించి బీరు తెచ్చి, కొత్తగా కొన్న ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం డాబా మీద ఆయనకు పోశాను. ఒక గుక్క తాగి, కొవ్వూరు వైపు వంతెన మీద వెళ్తున్న రైలు పూర్తిగా దాటేదాకా చూశారు.

"ఇంత బాగుంటుందని తెలిసుంటే ఆ రోజు మనం మాటల్లో పడేవాళ్ళమే కాదండి," అన్నారు.

మూడో రోజు పొద్దున ఆయన సంచీ సర్దుకోలేదు. ఎండెక్కేదాకా పడుకుని లేచి, కాఫీ తాగి, మా ఆవిణ్ణి మధ్యాహ్నం కూర ఏమిటని అడిగి, ఫలానా కావాలని కూడా చెప్పారు. ఆవిడ నా వంక చూసింది. ఆయన వీధి చివర ఫోన్ బూత్‌కు వెళ్ళి వచ్చారు.

"ఇంకో నాలుగు రోజులు ఉంటానని మీ అత్తయ్యగారికి చెప్పేశానండి," అన్నారు.