సంత ఊరి ఇంటికి ఇంటర్నెట్ వచ్చిన రోజు

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడమే. నలభై దాటాక గాని అక్షరాలు రాలేదు. వచ్చిన తర్వాత కూడా చాలాకాలం రాయలేదు. నాకు చదవడం వచ్చని నేను పనిచేసే ఇంట్లో తెలియకూడదు. ఆ భయంతో పెన్ను పట్టుకోవడమే ఒక దొంగతనంలా అలవాటైపోయింది.

ఆ ఇల్లు మా సంత ఊళ్లో ఉంది. చింతపల్లి నుంచి జీపులో ముప్పావుగంట. మైదానం నుంచి వచ్చిన షావుకారు ఒకాయన నా చిన్నప్పుడు అక్కడ కొట్టు పెట్టి, వెనకాల ఇల్లు కట్టుకున్నాడు. కాఫీ గింజలు, మిరియాలు, చింతపండు కొనేవాడు. ఆ స్థలం మా నాన్నది. నాన్న దాన్ని ఆయనకు అమ్మేశాడనే మేమంతా అనుకునేవాళ్లం. నాన్న పోయాక, తొమ్మిదేళ్ల వయసులో, ఆ ఇంట్లో పిల్లాణ్ని ఎత్తుకోవడానికి చేరాను. షావుకారు పోయాక కొట్టు చూసుకుంటున్నది ఆ పిల్లాడే. మేము చిన్నబాబు అంటాం. నన్ను అక్కా అని పిలుస్తాడు.

నాకు పెళ్లయింది. పిల్లలు లేరు. భర్త మలేరియాతో పోయాడు. ఆ తర్వాత ఏ సంగతీ నా లోపలికి వెళ్లేది కాదు. ఎవరైనా నవ్వుతుంటే, వాళ్ల నవ్వు అయిపోయేదాకా చూస్తూ నిలబడేదాన్ని. ఆదివారాలు పనుండేది కాదు. చర్చి అరుగు మీద ఒక టీచరమ్మ పెద్దవాళ్లకు అక్షరాలు చెబుతోందని తెలిసి, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేక వెళ్లాను. మొదటి వారం ఆ సంగతి అమ్మగారికి చెప్పాను. అమ్మగారంటే చిన్నబాబు తల్లి.

“సదువుకుని ఏటి సేత్తావే గుంటా? కలెక్టరువయ్యి మా కొట్టు మీదకే వత్తావా?” అన్నారావిడ.

నలభై దాటినా ఆ ఇంట్లో నేను గుంటనే, చిన్నపిల్లనే. ఆవిడ నవ్వారు. మూడో వారం మళ్లీ అడిగితే మానేశానని చెప్పాను. మానలేదు.

రెండేళ్లు గడిచాయి. మా ఊరి ఎక్స్ఛేంజికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిందని, ఉన్న ఫోను తీగ మీదే ఇంటర్నెట్ కూడా వస్తుందని చిన్నబాబు ఎక్కడో విని వచ్చాడు. అప్పటికే విశాఖపట్నం నుంచి కంప్యూటరు తెచ్చి పెట్టుకున్నాడు. అది ముందుగదిలో పాత దుప్పటి కప్పుకుని ఉండేది. మిరియాల ధర కొచ్చిలో ఎలా ఉందో పొద్దున్నే ఇంట్లో కూర్చుని చూసుకోవాలని అతని ఆశ.

దరఖాస్తు పట్టుకుని లైన్‌మన్ వచ్చాడు. బదిలీ మీద కొత్తగా వచ్చిన మనిషి.

“ఫోను ఎవరి పేరున ఉందో ఆవిడ ఉండాలండి. ఎవరావిడ?” అన్నాడు.

నేను పెరట్లో చాప మీద మిరియాలు తిరగేస్తున్నాను. అమ్మగారు గుమ్మంలోంచి పిలిచారు. “ఓలే గుంటా, సేతులు కడుక్కుని బేగి రా.”

అతను నన్ను చూశాడు. కాగితం చూశాడు. “ఈవిడా?”

“ఆవిడే. మా మనిషే,” అన్నాడు చిన్నబాబు.

ఫోను నా పేరున ఉందని నాకు తెలుసు. కరెంటు మీటరూ అంతే. కొండ ప్రాంతంలో భూమిని గిరిజనులు కానివాళ్ల పేరున రాయకూడదని చట్టం. బయటి నుంచి వచ్చినవాళ్లు మా గిరిజనుల్లో ఒకరి పేరు వాడుకోవడం మా దగ్గర వింతేమీ కాదు. ఏ కాగితం తెచ్చినా వేలు పెట్టేదాన్ని. ఇల్లు తుడవడం, మిరియాలు ఎండబెట్టడం లాగే అదీ ఒక పని.

ఫొటో కావాలంటే మర్నాడు చిన్నబాబు నన్ను చింతపల్లి తీసుకెళ్లి తీయించాడు. అమ్మగారు తన చీర ఒకటి కట్టుకోమని ఇచ్చారు. సాయంత్రానికి నా ముఖం దరఖాస్తు మూలన అంటించి ఉంది. దరఖాస్తంతా ఇంగ్లీషు. దాని కింద ఇంటి పన్ను రసీదు జిరాక్సు పెట్టారు, చిరునామాకు రుజువు కావాలట. దాని మీద కూడా వేలిముద్ర వేయాలి. అది తెలుగులో ఉంది.

బొటనవేలికి సిరా అద్దుకుని, ఎక్కడ పెట్టాలో వెతుకుతున్నట్టు వంగి, కూడబలుక్కుని చదివాను. ఇంటి యజమాని అన్నచోట నా పేరుంది. తండ్రి అన్నచోట మా నాన్న పేరుంది. ఫోను, మీటరు సంగతి వేరు. ఇల్లే నాదని రాసి ఉందని నాకెవరూ చెప్పలేదు.

“అక్కడ కాదే, కింద,” అన్నారు అమ్మగారు.

కింద పెట్టాను. తర్వాత మిరియాల దగ్గరికి వెళ్లాను. ఎండ పోతోంది, ఎత్తేయాలి. ఆ మాటే గుర్తుంది.

ఆదివారం టీచరమ్మకు చెప్పాను. ఆవిడ పుస్తకం మూసి పక్కన పెట్టింది.

“ఆ అమ్మకం చెల్లలేదన్నమాట. స్థలం ఇంకా మీ నాన్నదే, అంటే నీదే,” అంది. “మండలాఫీసులో అర్జీ పెట్టి స్థలం కాగితాల నకలు అడుగు. నకలు చేతికొచ్చేదాకా నీకు చదవడం వచ్చని వాళ్లకు తెలియనీకు. తెలిసిందంటే మీలోనే ఇంకొకరి పేరుకు మార్చేస్తారు. ఆ మార్పిడికీ నీ వేలే వాడుకుంటారు.”

సరే అన్నాను. చింతపల్లి జీపులు రోజూ కొట్టు ముందు నుంచే పోయేవి. మూడు వారాలు వాటిని చూశాను. ఎక్కలేదు.

నాలుగో వారం లైన్‌మన్ మోడెమ్ తెచ్చాడు. ముసురు పట్టిన రోజు, అప్పుడే కాస్త తెరిపిచ్చింది. అరచేతిలో పట్టే చిన్న డబ్బా ఒకటి గోడకు బిగించి, దాన్లోంచి ఒక తీగ ఫోనుకు, ఒకటి మోడెమ్‌కు కలిపాడు. మోడెమ్ మీద పచ్చ దీపాలు వెలిగాయి. ఒకటి మాత్రం మినుకుమినుకుమంటోంది. అది నిలబడితేనే లైను కలిసినట్టట. నిలబడేది, మళ్లీ పోయేది. అతను ఫోను చెవిలో పెట్టుకుని, “గరగరలాడుతోంది,” అని బయటికి నడిచాడు.

స్తంభం నుంచి మా చూరు దాకా వచ్చే తీగ మీద రెండు చీరలు, ఒక తువ్వాలు ఉన్నాయి.

“ఇవెవరు ఆరేశారు?”

“నేనే,” అన్నాను.

“ఎన్నాళ్ల నుంచి?”

“తీగ ఏసిన కాడ్నుంచి.”

“టెలిఫోను తీగ మీద తడి చీరలేస్తే నెట్ ఎలా వస్తుందమ్మా? చీరలొస్తాయి.”

“మరెక్కడారేత్తాది బాబూ?” అన్నారు అమ్మగారు. “ఈ ముసుర్లో గాలాడే తీగ అదొక్కటే.”

బరువుకు చూరు దగ్గర అతుకు సాగిపోయింది. లోపలి రాగి పచ్చగా చిలుం పట్టింది. నేను నిచ్చెన పట్టుకున్నాను. అతను పాత అతుకు కోసేసి, కొత్త తీగ కలిపి, పైన నల్ల టేపు గట్టిగా చుట్టాడు. లోపలికి వచ్చేసరికి ఆ దీపం కదలకుండా వెలుగుతోంది. చిన్నబాబు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంటోంది.

“పని పూర్తయినట్టు ఇక్కడ సంతకమమ్మా,” అని లైన్‌మన్ ఒక కాగితం నా ముందు పెట్టాడు.

“దానికి రాదు బాబూ. ఇంకు పేడ్డు కొట్లో ఉంది, ఉండు,” అని అమ్మగారు వెళ్లారు.

అతను కిటికీలోంచి మబ్బు చూస్తున్నాడు. ఇంకా రెండిళ్లకు వెళ్లాలట. పెన్ను నా చేతిలో పెట్టి వదిలేశాడు. నేను ఊరికే ఉంటే చాలు. అమ్మగారు పేడ్డు తెస్తారు, వేలు పెడతాను, నకలు సంగతి ఎప్పుడో చూసుకోవచ్చు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే నా పేరు రాశాను, మొదటి అక్షరం నుంచి చివరిదాకా, తొందర లేకుండా. ఎందుకు రాశానో ఇప్పటికీ చెప్పలేను. ధైర్యం అనిపించుకోవడానికి అందులో ఏమీ లేదు. చెయ్యి రాసింది, నేను చూశాను.

“దరఖాస్తులో వేలు పెట్టారు కదమ్మా?” అన్నాడు లైన్‌మన్.

“అప్పుడు పెట్టాను.”

అమ్మగారు పేడ్డుతో గుమ్మంలో నిలబడిపోయారు. “ఎప్పుడు నేర్సుకున్నావే?”

“ఆదివారాలు.”

“మానేసినానన్నావు కదే.”

“అన్నాను.”

లైన్‌మన్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. చిన్నబాబు కుర్చీ నా వైపు తిప్పాడు. తెర మీద బొమ్మ పూర్తిగా వచ్చింది. దాన్ని ఎవరూ చూడటం లేదు.

“ఇంకేటేటి సదివేవక్కా?” అన్నాడు.

“ఇంటి పన్ను రసీదు.”

అమ్మగారు పేడ్డు మూత పెట్టారు. చిన్నబాబు నెమ్మదైన మనిషి. నా చంకలో పెరిగిన పిల్లాడు. అప్పుడూ నెమ్మదిగానే అన్నాడు, “రేపు ఎక్కడికీ పోకు. కరణంగారొత్తారు. చిన్న కాగితం పనుంది.”

“ఈ ఇంటి కూడు తినలేదా నువ్వు?” అన్నారు అమ్మగారు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు.

“తిన్నాను,” అన్నాను.

అంట్లు తోమాను. వసారాలో పోసిన మిరియాలు గోనెకెత్తి లోపల పెట్టాను. చీరలు మడతపెట్టి ఇచ్చాను, ఇంకా తడి ఆరలేదు. ఇంటికి నడుస్తుంటే కోపం వస్తుందేమో, ఏడుపొస్తుందేమో అని కాసేపు ఎదురుచూశాను. ఏదీ రాలేదు.

మర్నాడు మొదటి జీపుకు చింతపల్లి వెళ్లాను. మండలాఫీసు ఇంకా తెరవలేదు. ఎదురు కొట్లో ఒక తెల్లకాగితం కొని, ఆఫీసు మెట్ల మీద కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని అర్జీ రాశాను. నాన్న పేరు, నా పేరు, ఊరి పేరు, నాన్న పేరున ఉన్న స్థలం కాగితాలకు నకలు ఇప్పించమని. గుమాస్తా వచ్చి తాళం తీశాక అతని వెనకే లోపలికి వెళ్లి ఇచ్చాను. చదివి, ముద్ర వేసి, కూర్చోమన్నాడు. బల్ల మీద కూర్చున్నాను.