ఒడి మారిన సంచి

1973 జూలై రెండో సోమవారం, ఉదయం పదిన్నరకు పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కాను. ఏటా వచ్చే ఉత్తమ యాత్రా రచనల సంకలనం కోసం రాసిన వ్యాసం నా చేతిసంచిలో ఉంది. దానికి నకలు లేదు. పన్నెండింటికల్లా సంగారెడ్డిలో సంపాదకుడికి అందించాలి. అందరి రచనలూ తీసుకుని ఆయన ఆ మధ్యాహ్నమే మద్రాసు వెళ్లిపోతున్నారు.

బస్సులో నిలబడ్డాను. కూర్చున్న ఒక పెద్దామె అడగకుండానే నా సంచి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. “నిలవడి ఎట్ల మోస్తవ్ బిడ్డా?” అంది. తెనాలి నుంచి వచ్చిన నాకు అది కొత్త. ఇంతలో జనం నన్ను వెనక్కి తోసేశారు.

ఇస్నాపూర్‌లో ఆమె దిగడం కిటికీలోంచి చూశాను. తోసుకుంటూ నేనూ దిగేశాను. బస్సు వెళ్లిపోయింది. తీరా చూస్తే ఆమె చేతులు ఖాళీ.

“అమ్మా, నా సంచేదీ?”

“పక్కామె ఒళ్లె పెట్టి దిగిన. నువ్వెందుకు దిగినవ్?”

“మీరు పట్టుకుపోతున్నారనుకుని...”

“అయ్యో, గట్లనుకున్నవా!” ఆమె నవ్వేసింది. “దిగేటోళ్లు పక్కోళ్లకిచ్చే దిగుతరు బిడ్డా. పరేషాన్ గాకు. నీకంటె ముందుగాల్నే సంగారెడ్డిల దిగి కూసుంటది నీ సంచి.”

తర్వాతి బస్సు కోసం రోడ్డునీ గడియారాన్నీ మార్చి మార్చి చూశాను. సంగారెడ్డి చేరేసరికి ఒంటిగంట. సంచి బస్టాండు టీకొట్టులో ఉంది, ఎవరో అప్పగించి వెళ్లారట. సంపాదకుడు లేరు.

ఆ రోజు పోయినవి: ఒక బస్సు, గంటన్నర సమయం, ఆ ఏటి సంకలనంలో నా చోటు. సంచిలోంచి ఒక్క కాగితమూ పోలేదు.