కారు మూతికి కట్టిన పేర్లు

వైశాఖ బహుళ పంచమి, శుక్రవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు మొదలైంది ఈ అనర్థం. మా తమ్ముడి కొడుకు ఒప్పుకోడు. చిల్లకల్లు దాటాక ఫోనులో అంకె పెరిగినప్పుడే మొదలైందంటాడు. ఇల్లు కాలడం చూరు అంటుకున్నప్పుడు మొదలవుతుంది గానీ, పొరుగూరికి పొగ కనిపించినప్పుడు కాదు.

ఆ రోజు వాడి కూతురి పెళ్లి. మేమున్నది జగ్గయ్యపేటలో, మండపం నందిగామలో. ముహూర్తం పది గంటల నలభై రెండు నిమిషాలకు. ఆ వేళకు పిల్ల పీటల మీద ఉండాలి. వంట చెడితే మళ్లీ వండుకోవచ్చు, మేళం రాకపోతే రేడియో పెట్టుకోవచ్చు. ఆ ఒక్కటీ మాత్రం జరిగి తీరాలి.

ముందు కారు సంగతి చెప్పాలి. వాడిది పత్తి వ్యాపారం. రెండేళ్ల కిందట హైదరాబాదు నుంచి ఒక పాత పరుగుల కారు తెచ్చాడు. నేలకు అంటుకుపోయి ఉంటుంది. అందులోకి ఎక్కడం ఉండదు, దిగడమే. నందిగామకు అందరికీ అరగంట పడితే వాడికి ఇరవై నిమిషాలు. మిగిలిన పది నిమిషాలూ ఏం చేస్తాడని ఒకటి రెండుసార్లు ఆరా తీశాను. టీకొట్టు ముందు నిలబడి కారు గురించి చెబుతాడట.

కిందటి ఎండాకాలం అలా తోలితే గేరుబాక్సు వేడెక్కి, ఎర్రదీపం వెలిగి, కారు నడవనని మొరాయించింది. మరొకడైతే నెమ్మదిగా తోలేవాడు. వీడు బెజవాడ వెళ్లి కూలరు వేయించాడు. గేరుబాక్సులో తిరిగే ఆయిలు గొట్టం గుండా బయటికొచ్చి, ముందు జాలీ వెనక బిగించిన పలకల పెట్టెలో చల్లబడి మళ్లీ లోపలికి పోతుంది. దానికో చిన్న ఫ్యాను. ఆయిలు ఎంత వేడిగా ఉందో చూపించడానికి ఫోనులో ఒక అంకె.

ఇదంతా నాకు ఎలా తెలుసంటే, మూడు నెలలు అన్నంలో కలిపి తినిపించాడు.

"గాలే దాని ప్రాణం అత్తా. ముందు అడ్డనేది ఉండకూడదు."

"ఆ మాత్రం నాకు తెలియదంట్రా? మిల్లులో డీజిలింజను పక్కన ఇరవై రెండేళ్లు కూర్చున్నా."

"అది వేరు, ఇది వేరత్తా."

అది వేరట. వేడికి కులగోత్రాలున్నట్టు! వాడి భార్య దిష్టికని జాలీకి నిమ్మకాయా మిరపకాయలూ కడితే, గాలికి అడ్డమని తెంపి పారేశాడు. ఆ మహాతల్లి రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. నిమ్మకాయ అడ్డమైన చోటే పెళ్లిరోజు ఏం కట్టారో చూడండి.

ఎనిమిదీ పదికి వాడి బావమరిది, అంటే పెళ్లికూతురి మేనమామ, పూలవాణ్ణి వెంటేసుకుని దిగాడు. చేతిలో థర్మోకోల్ బోర్డు. కారు ఎంత వెడల్పో అంత. ఎర్రక్షరాలతో వధూవరుల పేర్లు, మధ్యలో హృదయం బొమ్మ, చుట్టూ జానెడు మందాన బంతిపూలు. తెచ్చి నేరుగా జాలీ మీద పెట్టి తీగలతో బిగించేశారు.

మా వాడు చూశాడు. వంగి జాలీ వైపు తొంగిచూశాడు.

"ఏం బావా, బాలేదా?" అన్నాడు మేనమామ.

"బాగుంది. కొంచెం పైన, బానెట్ మీద కడితేనో..."

"బానెట్ మీదైతే ఎవడికి కనపడుద్ది? పేర్లు మూతి మీదే ఉండాలి."

"ఒరేయ్, దాని ప్రాణం గాలన్నావు కదరా?" అన్నాను.

"ఫ్యానుంది కదత్తా," అన్నాడు. మూడు నెలల పాఠం నాలుగు మాటల్లో ముగిసింది.

"పెద్దమ్మగారూ, మీరు టైము చూడండి చాలు. కారు సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు మేనమామ. ఇస్త్రీ బట్టలేసుకున్న ప్రతివాడికీ ఆ పూట ఇంజను తెలుసు.

ఊరేగింపు తొమ్మిదికి బయల్దేరింది. ముందు బ్యాండు, దాని ముందు మగాళ్ల గంతులు. వైశాఖమాసపు ఎండలో కారు మనిషి నడకకన్నా నెమ్మదిగా పాకింది. కదలని కారుకు గాలెక్కడిది? ఉన్న ఫ్యాను బంతిరేకల్ని లోపలికి లాక్కుని పలకల సందుల్లో కూరుకుంది. బంధువుల బస్సులు తొమ్మిదిన్నరకే వెళ్లిపోయాయి. మావాడు మాత్రం పాట మార్చినప్పుడల్లా ఆగాడు.

"నువ్వు బయల్దేరతావా, పంతులుగారిని ఇక్కడికే రమ్మనేదా?" అన్నాను.

"ఇరవై నిమిషాల దారత్తా!"

పదీ ఐదుకి హైవే ఎక్కాం. వాడి పక్కన నేను, వెనక పిల్లా, మేనమామా. బ్యాండువాళ్ల వ్యాను సామాను సర్దుకుని వెనక ఎక్కడో వస్తోంది. చిల్లకల్లు దాటేసరికి ఫోనులో అంకె నూట పదిహేను. వాడి పాఠం ప్రకారం వంద దాటితే కాలు తీయాలి. వాడు ముహూర్తం చూసి కాలు నొక్కాడు.

"నూట ఇరవై రెండు," అన్నాను.

"కనపడతందత్తా."

"కనపడితే ఆపి ఆ బోర్డు పీకు. రెండు నిమిషాల పని."

వాడు అద్దంలో బావమరిది వైపు చూశాడు. బావమరిది నా వైపు చూశాడు, నేనేదో తాళి తెంపమన్నట్టు.

"శుభమా అని కట్టిన పేర్లు తాళి పడకముందే తెంపుతామా పెద్దమ్మగారూ? అపశకునం కాదూ?"

"గేరుబాక్సు తగలబడితే శకునమా?"

"అట్టాంటి మాటలు అనకండి ఈ పూట!"

మా వాడు రోడ్డు చూస్తూ తోలాడు. నిమ్మకాయ తెంపినప్పుడు వాడికి సైన్సుంది. ఇప్పుడు బావమరిది ఉన్నాడు. పెళ్లాం కట్టినదానికి గాలి అడ్డమొస్తుంది, పెళ్లాం తమ్ముడు కట్టినదానికి రాదు. వాడికి చదువు లేదని నేననను. తెలిసింది చెప్పే దమ్ము లేదు, అంతే.

నవాబుపేట దాటాక ఇంజను అరిచింది గానీ కారు వేగం అందుకోలేదు. మాడిన ఆయిలు వాసన. పదీ పద్నాలుగుకి రోడ్డు పక్కన ఆగిపోయాం. అంకె నూట ముప్ఫై ఎనిమిది. మగాళ్లిద్దరూ దిగి, బోర్డు ముందు చేతులు కట్టుకుని దేవుడి పటం ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. అప్పటికీ ఎవడూ దాని మీద చెయ్యి వేయలేదు.

పిల్ల దిగింది. బాసికం ఊగుతుండగా, పట్టుచీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బోర్డు అంచు లాగింది. సగానికి విరిగింది. రెండో సగం కాలితో తన్నింది.

"అమ్మడూ!" అని కేకేశాడు మేనమామ.

"పేర్లు కలిసుండాలా, మేం కలిసుండాలా మావయ్యా? నాన్నా, స్టార్ట్ చెయ్."

ఆ కుటుంబంలో మూడు తరాలకు కలిపి బుర్రున్నది ఒక్కతే తేలింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. ఎన్ని గేర్లు మార్చినా కారు మూలిగింది, కదల్లేదు. ఆ ఎండలో పది నిమిషాలు నిలబడ్డాం. బ్యాండు వ్యాను వచ్చింది. చెయ్యెత్తి నేనే ఆపాను. డోళ్ల మధ్య పిల్లను కూర్చోబెట్టి, పక్కన నేను ఇరుక్కున్నాను. మేనమామ వెనక తలుపు పట్టుకుని వేలాడాడు. మా వాడు కారు దగ్గర ఉండిపోతానంటే చెవి మెలేసి ఎక్కించాను.

"కన్యాదానం కారు చేస్తుందంట్రా?"

వాడికి యాభై రెండేళ్లు. చెవి రుద్దుకుంటూ ఎక్కాడు.

మండపం గేటు దగ్గరికి వచ్చేసరికి పదీ నలభై మూడు. ఆచారం ప్రకారం మేనమామ పిల్లను గంపలో మోసుకు రావాలి. అంతదాకా వేలాడిన చేతులతో గంప ఎత్తలేకపోయాడు. పిల్ల గంపలోంచి దిగి తన కాళ్ల మీద నడిచి పీటల మీద కూర్చుంది.

పంతులుగారు వాచీ చూసుకుని, "ఇంకా ముహూర్తం దాటలేదు," అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నా గడియారం తప్పదని మా బంధువుల్లో అందరికీ తెలుసు. నిజం చెప్పొద్దని వాడి భార్య కళ్లతో బతిమాలింది.

"పదీ నలభై ఆరు. దాటింది," అన్నాను. "దాటిందని ఎవరైనా లేచిపోతున్నారా?"

పెళ్లికొడుకు తెర అవతల నుంచి, "లేదండి," అన్నాడు. పిల్ల నవ్వింది. జీలకర్రా బెల్లం పెట్టించారు.

పోయినవి ఇవీ. ముహూర్తం, నాలుగు నిమిషాల తేడాతో. గేరుబాక్సు ఒకటి, పూర్తిగా. దాన్ని కాపాడడానికి వేయించిన కూలరు ఒకటి, పలకల నిండా బంతిరేకలతో. థర్మోకోల్ బోర్డు ఒకటి, రెండు ముక్కలు. డోళ్ల మధ్య ఎక్కడో జారిన పిల్ల వెండి పట్టీ, ఎడమకాలిది. గంప ఎత్తే గౌరవం, మేనమామది.