బసవన్న దగ్గర ఆగిన పాట

చిన్నమ్మ పోయిందని చెప్పడానికి ఆమె పెద్ద కొడుకు ధర్మవరం నుంచి పొద్దున బస్సుకే హిందూపురం వచ్చాడు. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. నేను అప్పటికప్పుడు బయలుదేరబోతే మా అత్తగారు అడ్డం నిలబడింది. "పాలు తాగే బిడ్డను సంకనేసుకోని సావింటికి యాడ పోతావమ్మా? దినాలు కానీ" అంది. కడసారి చూపు నాకు దక్కలేదు. చిన్నమ్మే బతికుంటే ఈ మాటకు నవ్వి ఉండేది. ఆమె బతుకంతా ఇలాగే, బిడ్డల దగ్గర ఆగిపోతూ గడిచింది మరి.

మీరెవరూ ఆమెను ఎరగరు. మా చిన్నాయన భార్య. కుందుర్పి వైపు నుంచి మా మగ్గం ఇంటికి కోడలిగా వచ్చింది. రాట్నం మీద పట్టు నూలు కండెలు చుట్టడం మా అవ్వ నేర్పింది. ఊయల ఊపుతూ పాడే పాట మాత్రం ఎవరూ నేర్పలేదు, తనే కట్టుకుంది. చదువు లేదు కాబట్టి అంతా నోటిమీదే. వాన లేని ఊరి నుంచి ఒక పిల్ల, మబ్బును పిలుచుకొస్తానని ఖాళీ బిందెతో బయలుదేరుతుంది. అదీ కథ.

చిన్నమ్మ పెద్దోడు ఊయలలో ఉన్నప్పుడు పాటలో ఆ పిల్ల ఊరి పొలిమేర దాటింది. రెండోవాడి కాలానికి కొత్తచెరువు చేరింది. చిన్నమ్మకు మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టాక, పాటలో పిల్ల లేపాక్షి పోయి, రాతి బసవన్న ముందు బిందె దించి అడిగింది.

"బసవన్నా బసవన్నా, ఎత్తుగా కూసున్నావే,
మా మబ్బు ఈ దావన పోతే సూసినావా?"

అక్కడికి ఊయలలో బిడ్డ నిద్రపోయేది. బిడ్డ నిద్రపోతే ఇక చిన్నమ్మకు పాడే సాకు ఉండదు. "పండుకున్యాదా? అయితే రా, కండెలు అయిపోయినాయి" అని లోపలి నుంచి అవ్వ కేక వేసేది. మగ్గం గుంతలో చిన్నాయన చేయి ఆగితే ఇల్లంతా పస్తే. అవ్వ చెడ్డది కాదు. ఆమె కూడా అలాగే పిల్లల్ని పెంచింది.

అందుకని చిన్నమ్మ ఒక దొంగపని చేసేది. మాట కుదురుతున్నప్పుడు ఊయల తాడు లాగడం తగ్గించేది, లేదా బిడ్డ అరికాలు గీరేది. తల్లులంతా పిల్లలు నిద్రపోవాలని పాడతారు. మా చిన్నమ్మ మాత్రం "రోంతసేపు మేలుకోమ్మా, ఇంకొక్క మాట ఉండాది" అని బతిమాలేది. బిడ్డ వింటుందా? "మేలుకుంటే పని కానియ్యరు, పండుకుంటే పాట కానియ్యరు. ఎట్ల సావాలే నేను?" అని నవ్వుతూ లేచి రాట్నం దగ్గరికి పోయేది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఒకసారి పట్టు రాక మగ్గం నిలిచిపోయింది. అవ్వ ఏదో పెళ్ళికి పోయింది. పిల్లలను చిత్రావతి ఇసుకలో ఆడించుకొస్తాను, నువ్వు కూర్చుని పాట ముగించు అన్నాను. ఏట్లో నీళ్ళు లేవు కాబట్టి భయం కూడా లేదు. సాయంత్రం వచ్చి చూస్తే చేటనిండా శనక్కాయలు ఒలిచి ఉన్నాయి.

"పాడలేదా చిన్నమ్మా?"

"నోరు తెరుస్తానే చిన్నది ఏడుస్తాండాదేమో అని చెవి ఆడికే పోతాండాది. చేతిలో ఊయల తాడు లేకుంటే నాకు మాట రాదే" అంది. ఆ వయసులో నేను చేయగలిగింది అంతే. అదీ పనికి రాలేదు.

పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఊయల విప్పేశారు. పాట బసవన్న దగ్గరే ఉండిపోయింది. నా పెళ్ళికి ముందు మళ్ళీ అడిగాను. "నీకు బిడ్డ పుట్టనీ. ఊయల కట్టు, తాడు నా చేతికియ్యి. బసవన్న చేత మాట్లాడిచ్చే పూచీ నాది" అంది. నేను గట్టిగా నమ్మాను. అమ్మకు ఒంట్లో బాగాలేక కాన్పు హిందూపురంలోనే జరిగింది. బిడ్డను తీసుకుపోదాం, తీసుకుపోదాం అనుకుంటూనే పాలకూ, ఉతుకులకూ, విరేచనాలకూ నెలలు ధారపోశాను. ఈలోగా ఈ కబురు వచ్చింది.

దినాలయ్యాక పోయాను. ఊయల కొక్కెం అదే దూలానికి ఉంది. చిన్నమ్మ చీరతోనే నా బిడ్డకు ఊయల కట్టారు. ఆమె పిల్లలు ముగ్గురూ వచ్చి పక్కన కూర్చున్నారు.

"అక్కా, బసవన్న ఏం చెప్పినాడు?" అని పెద్దోడు అడిగాడు. "మేమంతా ఆడికొచ్చేతలికి పండుకుంటాంటిమి. నువ్వయితే మేలుకోనుంటివి గదా."

వాడి మొహం చూసి, నాకూ తెలియదని చెప్పలేకపోయాను. తాడు అందుకుని మొదటి నుంచి పాడాను. పొలిమేర దాటాను, కొత్తచెరువు దాటాను, లేపాక్షిలో బిందె దించి బసవన్నను అడిగాను.

నా బిడ్డ నిద్రపోలేదు. చీర అంచు గుప్పిట పట్టుకుని, కళ్ళింత చేసుకుని నా నోటివైపే చూస్తూ ఉంది.