డిస్కులకు ఆయుష్షు పోసిన కోటయ్య మామ

నరసరావుపేటలో వీడియో మిక్సింగ్ స్టూడియో నడిపిన కోటయ్య మామ ఇక లేడు. మొన్న మంగళవారం మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. ఈ దుర్వార్త నేను చెబితే మా ఊరు ముప్పాళ్ళలో సగంమంది నమ్మలేదు. కోతలు కోస్తానని నాకున్న ఖ్యాతి అలాంటిది. ఇదీ కోతే అయితే ఎంత బాగుండేది.

వరసకు మామ కాదు, అందరికీ మామ. పెళ్ళిళ్ళకూ, ఓణీల ఫంక్షన్లకూ, కోటప్పకొండ తిరనాళ్ళ ప్రభలకూ సాక్షీభూతంగా నిలిచిన కెమెరా ఆయనది. మితభాషి, నిరాడంబరుడు, పనిలో మాత్రం మహా మొండి. తన దగ్గరున్న, వీడియోలు దాచే ప్రతి ఎస్‌ఎస్‌డీ మీదా తెల్ల టేపు అంటించి, దాని ఆయుష్షు ఇంకెంత శాతం మిగిలిందో పెన్నుతో రాసేవాడు. "మనిషి ఆయుష్షే తెలీదు, దీనిదెందుకు మామా?" అంటే, "దీనిదన్నా తెలుస్తంది గదరా" అనేవాడు.

ఒకసారి నా కోతలన్నీ రికార్డు చేసి దాయమన్నాను. "ఒరేయ్, రాసేకొద్దీ అరిగే వస్తువురా ఇది. కాగితం మీద పెన్సిలుతో రాసి, రబ్బరుతో చెరిపి, మళ్ళీ రాస్తా ఉంటే పలచబడి చిరుగుద్ది చూడు, అట్టాగ. నీ అబద్ధాలు ఎక్కిస్తే శివరాత్రి దాకా కూడా ఉండదు" అన్నాడు.

అంత విని కూడా నేను చేసిన నిర్వాకం ఇది. రెండేళ్ళ క్రితం నా భార్య సుజాత కాలం చేసింది. ఫొటోలు చానా ఉన్నాయి. గొంతు మాత్రం, మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మామ తీసిన వీడియోలోనే మిగిలింది. మామ నాకిచ్చిన, ఆ వీడియో ఉన్న ఒకే ఒక్క ఎస్‌ఎస్‌డీని, సగం ఖాళీయే గదా అని, నా నాపరాళ్ళ యార్డు సీసీ కెమెరాల రికార్డింగుకు తగిలించాను. పగలూ రాత్రీ రాళ్ళ బొమ్మలు రాసి, చెరిపి, మళ్ళీ రాసి, చివరికది మొరాయించింది. పట్టుకుని మామ దగ్గరికి పరిగెత్తాను.

"సుజాత ఒక పక్క, రాళ్ళు ఒక పక్క ఉన్నయ్ గదా మామా?"

"దాంట్లో పక్కలుండవురా. ఒకచోటే అరక్కుండా రాతని డిస్కంతా తిప్పి పంచుద్ది. సుజాతమ్మ ఉన్న చోటు కూడా అరిగింది." దాన్ని కంప్యూటరుకు తగిలించి చాలాసేపు చూశాడు. "ఇప్పుడిది రాయనివ్వదు, చదవనిస్తది. కరెంటు తీస్తే మళ్ళీ లేవకపోవచ్చు. తియ్యకుండానే కాపీ చేస్తా. నువ్వు ఏడవమాక."

సోమవారం పొద్దుటినుంచి మామ ఆ కుర్చీ వదల్లేదు. అన్నం కూడా అక్కడే.

మంగళవారం మేం ఆయన్ని కుర్చీలోంచి దించుతుండగా కరెంటు పోయింది. కంప్యూటరుకు కరెంటిస్తున్న యూపీఎస్ ఆగకుండా కీచుమని కూయసాగింది. ఆయన కాళ్ళ మీద పడి ఏడుస్తున్న నాగమణి అత్త, "ఆ కూతేందిరా, ఆపండ్రా దాన్ని" అంది. కట్టుకున్నవాడి శవం ముందు ఆ రొద నాకూ అపచారమనిపించింది. బటన్ నేనే నొక్కాను.

డిస్కు మళ్ళీ లేవలేదు. గుంటూరులో ఇద్దరికి చూపించాను, పెదవి విరిచారు. మామ అప్పటికి కాపీ చేసినంతలో వీడియో సగం ఉంది. అంతా సన్నాయి మేళం. చివర్లో మేళం ఆగుతుంది, సుజాత నావైపు వేలు చూపించి నవ్వుతుంది, ఏదో అనబోతూ నోరు తెరుస్తుంది. బొమ్మ అక్కడే నిలిచిపోతుంది.

"అమ్మ ఏమంది నాన్నా?" అని అమ్మాయి అడుగుతోంది. నాకు గుర్తు లేదు. ఎవరికి ఏ కథయినా అప్పటికప్పుడు అల్లి చెప్పే నోరు నాది. ఈ ఒక్క మాట అల్లలేకపోతున్నాను.

మామా, నీ పాదాలకు నమస్కారం. నీ ఆఖరి శ్రమను ఆపేసిన చెయ్యి నాదే. మిక్సింగులో ఆ మాటను వెనక్కీ ముందుకీ తిప్పి ఎన్నోసార్లు విన్నవాడివి నువ్వు. అడుగుదామంటే నువ్వూ లేవు.