లేవని గింజలు

ఆ ఏడు కాలువకు నీళ్లు రాలేదు. చెరకు చేలో గునుగు పూల మొక్క జానెడే పెరిగి గింజ పట్టింది. బావి పక్క తేమలో మాత్రం నా అంత ఎత్తు పెరిగింది. అవ్వ, అంటే మా అమ్మ, బతుకమ్మ పూలకని రెండు రకాల గింజలూ వేరువేరు కుండల్లో చల్లింది. తొలకరికి చేని గింజలు ఒక్కసారిగా మొలిచాయి. బావి పక్కవి ఒక్కటీ లేవలేదు.

“గివి సచ్చినయా అవ్వా?”

“లేదు బిడ్డా. కరువుల పెరిగిన తల్లి పిల్లలకు తొందరెక్కువ. ఇవి సల్లగ పండుకున్నయి. ఎప్పుడు లేస్తయో వాటికే ఎరుక.”

ఇంకో వానాకాలం వచ్చిపోయినా అవి కదల్లేదు. మూడో ఏడు అవ్వ పోయింది. పదకొండో రోజు పొద్దున పెరట్లోకి వెళ్లి చూస్తే, రాత్రి వానకు బావి పక్క గింజల కుండ నిండా మొలకలు, అన్నీ ఒకే ఎత్తున. కలుపనుకొని పీకేద్దామని వంగిన మా అక్క, ముట్టుకోకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది.