ఖోలీకి పోతున్న

ఇదొక మహాకావ్యం. ఇందులో నాలుగు తరాల వంశచరిత్ర ఉంది, వనవాసం ఉంది, ద్రోహం ఉంది, చివర్లో తల్లి ముందు తల దించుకుని నిలబడే కొడుకు కూడా ఉన్నాడు.

ఇలా మొదలుపెడితే బాగుంటుందని చాలా రోజులు అనుకున్నాను. కాని చెప్పాల్సింది పదకొండు సెకన్ల సంగతి. వంశచరిత్ర అంటే, మా ముత్తాత పాలమూరు నుంచి ఈ ముంబైకి రాళ్లు మోయడానికి వచ్చాడు, మేమింకా ఇక్కడే ఉన్నాం. వనవాసం అంటే కామాటిపురా నుంచి అంధేరీకి లోకల్ రైలు.

అంధేరీలో ఒక స్టూడియోలో నేను డైలాగ్ ఎడిటర్‌ని. షూటింగ్‌లో నటులు మాట్లాడిన మాటల్లోంచి కుక్కల అరుపులు, ఆటో హారన్లు, విమానాలు ఏరి పారేయడం నా పని. ముత్తాత రాళ్లు మోశాడు, నేను రాళ్లు ఏరుతున్నాను. వంశం అభివృద్ధి చెందలేదని ఎవరూ అనలేరు.

నా రెండో పని నటన. రెండోది అని నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు, జీతం ఇచ్చేవాళ్లు ఒప్పుకున్నారు. ఆడిషన్ ఉన్నప్పుడల్లా పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి స్టూడియో నుంచి జారుకునేవాణ్ని. ఐదేళ్లలో నోట్లో ఉన్నవాటికన్నా ఎక్కువ పళ్లు పీకించుకున్నాను. మా ఓనరు ఒకరోజు నా నోటి వైపు చాలాసేపు చూసి, ఈ సినిమా అయ్యేలోగా కుర్చీయో కెమెరాయో తేల్చుకోమన్నాడు.

రెండు పనులూ ఒకదానికొకటి సాయం చేస్తాయని మొదట్లో నమ్మాను. ఒక ఆడిషన్‌లో ఏడవమన్నారు. కన్నీళ్లు సగం దాకా వచ్చాయి కూడా. అప్పుడు మైకులో సన్నగా కరెంటు జుమ్మనడం వినిపించింది. ఆగి, ఆ మాట చెప్పాను. కేబుల్ నాచేతే సరిచేయించుకుని, మంచివాడినని మెచ్చుకుని, నంబరు రాసుకున్నారు. తర్వాత ఫోన్ చేశారు కూడా. ఇంకో కేబుల్ పాడైందట.

ఈ రోజుల్లో ఆడిషన్ చాలావరకు ఇంట్లోనే ఫోన్‌లో తీసి పంపాలి. మా ఇల్లు చాల్‌లో, అంటే వరసగా ఒంటిగదులుండే పాత భవనంలో, మూడో అంతస్తులో ఒకే గది. దాన్ని మేము ఖోలీ అంటాం, పుట్టినప్పటి నుంచి అదే మాట. అందులో నేను, మా అమ్మ, అమ్మ కుట్టుమిషను ఉంటాం. చీరలకు ఫాల్ కుట్టడం అమ్మ పని. ఆ మిషను బెల్టు వదులై, తొక్కినప్పుడల్లా పిల్లిని తొక్కినట్టు అరుస్తుంది. నేను ఫోన్ నిలబెట్టగానే అమ్మ కాలు తీసేసేది. పక్క ఖోలీ పెద్దమ్మ కుక్కర్ దించేసేది, ఎదురుగా ఉండే కాక టీవీ ఆపేవాడు. వరండాలో పిల్లలు ఇంకా గోల చేస్తుంటే పెద్దమ్మ బయటికి వచ్చి చెప్పేది:

"ఏయ్, గప్ కూసోండ్రి. పోరడు ఇప్పుడు ఏడ్వాలె."

అంతస్తు మొత్తం గప్ అయ్యేది. కామాటిపురాలో అంత నిశ్శబ్దం ఏ పండక్కీ ఉండదు. ఐదేళ్లు అలా అందరూ నోరు మూసుకుని నా గొంతు కోసం ఎదురుచూశారు. తెర మీద ఒక్కసారైనా ఆ గొంతు వినిపించకపోతే ఆ వరండాలో నడవడం ఎలాగా అని నాకు నిజంగా భయం వేసేది. నడవక తప్పదు, బాత్రూము ఆ చివర ఉంది.

చివరికి వేషం దొరికింది. ముంబైలో పనిచేసే పాలమూరు కూలీ వేషం, హిందీ సినిమాలో తెలుగులో ఒక డైలాగు. ఒంటినిండా సిమెంటు, అతికించిన గడ్డం, చేతిలో ఫోను. సినిమా మా స్టూడియోకే వస్తుంది కాబట్టి నా డైలాగు నేనే ఎడిట్ చేసుకుంటాను. దేవుడికి హాస్యం ఇష్టమని అప్పుడే అనుమానించాల్సింది.

కాగితం మీద ఉన్న మాటలు ఇవి: "అమ్మా, నేను గదికి వెళ్తున్నాను. నీళ్లు వచ్చే సమయమైంది." నీ పద్ధతిలో చెప్పు అన్నాడు డైరెక్టరు. ఆయనకు తెలుగు రాదు. నా పద్ధతిలోనే చెప్పాను:

"అమ్మా, ఖోలీకి పోతున్న. నల్లా వచ్చే టైమైంది. మల్ల చేస్తా."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ పెద్దమ్మకు చెప్పింది. పెద్దమ్మకు చెప్పాక మిగతావాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

రెండు నెలల తర్వాత, ఎడిటింగ్ జరుగుతుండగా, తెలుగు సరిచూడటానికి హైదరాబాదు నుంచి భాషా సలహాదారు ఒకాయన వీడియోకాల్‌లో కూర్చున్నాడు. నా పదకొండు సెకన్లూ విన్నాడు. ఖోలీ తెలుగు మాట కాదన్నాడు, యాస ఎక్కడిదో తెలియడం లేదన్నాడు. తెర మీద ఉన్నది నేనేనని ఆయనకు తెలియదు. తర్వాత చాలా మర్యాదగా అన్నాడు:

"మరాఠీ అబ్బాయి అనుకుంటానండీ. పాపం, తెలుగు బాగానే నేర్చుకున్నాడు."

నాలుగు తరాల ట్యూషన్ వృథా పోలేదన్నమాట.

డైరెక్టరు మంచివాడు, నా ముఖం చూడకుండా మాట్లాడాడు. ముఖం అలాగే ఉంచుదాం, గొంతు మారుద్దాం, నిజంగా పాలమూరు నుంచి వచ్చిన మనిషి చేత చెప్పిద్దాం అన్నాడు. అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడో యూనిట్‌లో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. కాబట్టి వెతికి తెచ్చే పని కూడా నాకే పడింది.

మర్నాడు పొద్దున్నే వర్లిలో, పని కోసం కూలీలు నిలబడే నాకాకు వెళ్లాను. మహబూబ్‌నగర్ వాళ్లెవరైనా ఉన్నారా అని అడిగితే నలభై ఏళ్ల ఒకాయన తాపీ చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. ఎనిమిదేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాడట.

"స్లాబా సార్, ప్లాస్టరా?"

"మాట్లాడే పని."

"ఎంతసేపు?"

"పదకొండు సెకన్లు."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. కార్డు చూపించి, స్టూడియో ఫోటోలు చూపించి, ఒప్పించేసరికి చాయ్ రెండుసార్లు తాగాం.

డబ్బింగ్ గదిలో ఆయనకు హెడ్‌ఫోన్లు పెట్టి, నా సీను శబ్దం లేకుండా వేశాను. తెర మీద నేను సిమెంటు ముఖంతో పెదవులు కదుపుతున్నాను. ఆయన శ్రద్ధగా చూసి అడిగాడు:

"ఈయన మూగాయనా సార్?"

ఇప్పటికైతే అంతే అన్నాను. గడ్డం వల్ల గుర్తుపట్టలేదు. గుర్తుపడితే నాకూ మాట వచ్చేది కాదు.

ఆయనకు చదువు రాదు. కాగితం పక్కన పెట్టి సంగతి చెప్పాను: నువ్వు ఊర్లో ఉన్న అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నావు, నీళ్లొచ్చే వేళయింది, నువ్వుండే చోటికి వెళ్లాలి, ఏమంటావు? ఆయన క్షణం కూడా ఆలోచించలేదు.

"అమ్మా, ఖోలీకి వోతున్న. నల్లా వచ్చే టైమైంది. మల్ల జేస్త."

అద్దం అవతల డైరెక్టరు లేచి నిలబడ్డాడు. ఇదీ అసలైన తెలుగంటే అన్నాడు. ఫోన్‌లో సలహాదారుకు వినిపిస్తే ఆయన కూడా ఒప్పుకున్నాడు, పాలమూరు మనిషి నోటి నుంచి వస్తే అది మాండలిక ప్రయోగం అట. మాటలో తప్పు లేదు. నోరే తప్పు.

ఆ మధ్యాహ్నం గదిలో ఒక్కణ్నే కూర్చున్నాను. కంప్యూటర్ మీద పైన ఆయన గొంతు, కింద నా గొంతు. అవే మాటలు కాబట్టి పెదవులకు ఏది పెట్టినా సరిపోతుంది. పైనది మూసి కిందది తెరవడం ఒక్క మీట పని. డైరెక్టరుకు తెలుగు రాదు. సలహాదారు మళ్లీ వినడు. అది నా గొంతో కాదో అమ్మకు, పెద్దమ్మకు, కాకకు మాత్రం తెలుస్తుంది. చేయి మీట మీద పెట్టుకుని, రెండింటినీ ఎన్నిసార్లు విన్నానో గుర్తు లేదు.

నా గొంతులో అమ్మా అన్న మాట బరువుగా ఉంది, వణుకు ఉంది, యాక్టింగ్ క్లాసులో నేర్పిన విరామం ఉంది. ఆయన గొంతులో అవేమీ లేవు. నల్లా అన్న దగ్గర మాత్రం చిన్న తొందర ఉంది. ఆలస్యమైతే ఆయనకు నిజంగానే నీళ్లు ఆగిపోతాయి. నేను అవార్డు కోసం వెళ్తున్నట్టున్నాను, ఆయన బకెట్ కోసం వెళ్తున్నాడు. ఈ సంగతి ఎడిటర్‌కి మొదటిసారి విన్నప్పుడే తెలిసింది. నటుడికి చెప్పడానికి ఎడిటర్‌కి ఆ మధ్యాహ్నమంతా పట్టింది.

కిందది మూసేశాను. మాటకు ముందు అర సెకను ఊపిరి మాత్రం నాది ఉంచాను. మిక్సింగ్‌లో దాని మీద లోకల్ రైలు మోత వచ్చి పడింది.

ఓనరు గదికి వెళ్లి, నా పళ్లు బాగైపోయాయని చెప్పాను. సంతోషం అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ చీర మడిచి పెట్టుకుని, మిషను ముందు ఊరికే కూర్చుని ఉంది. నేను ఆడిషన్ ఏదైనా తీసి పంపాలేమోనని ఆపిందట. సినిమాలో ముఖం నాదే, గొంతు మాత్రం వేరేవాళ్లదని చెప్పాను. ఇంక ఆడిషన్లకు పోనని కూడా చెప్పాను. పక్క ఖోలీలో పెద్దమ్మ కుక్కర్ ఈల వేయబోయి ఆగింది, అంటే వింటోంది. అమ్మ చాలాసేపు చీర అంచు నిమిరింది.

"అయితే ఇగ మిషను నడుపుకోవచ్చా రా?"

నడుపుకోమన్నాను. అదొక్కటే ఆ ఐదేళ్లలో నేను నటించకుండా చెప్పిన డైలాగు. అమ్మ కాలు పెట్టి ఒకసారి తొక్కింది. బెల్టు తెగి కింద పడింది.

బెల్టులు ఫాక్‌లాండ్ రోడ్డులో మూలమీది దుకాణంలో దొరుకుతాయి. ఆ రోజు సోమవారం. సోమవారం ఆ దుకాణానికి సెలవు.